తలనొప్పేగా అన్నాను

న్యూజెర్సీలో ఒక కంటి డాక్టరు గారి క్లినిక్‌లో ఇరవై ఆరేళ్ళు టెక్నీషియన్‌గా పనిచేసి, పోయిన ఏడాది మానేశాను. నేను డాక్టర్ని కాదు, నర్సుని కూడా కాదు. మీరు డాక్టర్ని కలిసేముందు చీకటి గదిలో మీ గడ్డాన్ని ఒక స్టాండు మీద పెట్టించి, కంట్లో చుక్కలు వేసి, "ఇటే చూడండి, రెప్ప కొట్టకండి" అంటుంది చూడండి ఒకామె, ఆమే నేను. కంటి ప్రెషర్ కొలిచేది నేను. అక్షరాల బోర్డు చదివించేది నేను. అన్నిటికంటే ముందు "ఏం బాధ?" అని అడిగేది నేను.

ఈమధ్య ఎడిసన్ చుట్టుపక్కల తెలుగు ఆడపిల్లలు చాలామంది ఈ పనిలో చేరుతున్నారు. నాలాగే భర్త వీసా మీద వచ్చి, వర్క్ పర్మిట్ చేతికి రాగానే దొరికిన ఉద్యోగం పట్టుకున్నవాళ్ళు. వాళ్ళలో ఒకమ్మాయి మొన్న గుళ్ళో కనిపించి, "ఆంటీ, సర్టిఫికేషన్ ఎగ్జామ్‌కి ఏం ప్రిపేర్ అవ్వాలి?" అని అడిగింది. ఏం చదవాలో చెప్పాను. ఇంటికి వచ్చాక, ఆ పిల్లకి చెప్పాల్సింది అది కాదని అనిపించింది.

చెప్పాల్సింది ఇది. నా మూలంగా ఒక మనిషికి కన్ను పోయింది. యంత్రం పాడై కాదు, చేయి వణికి కాదు. ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడినందుకు పోయింది.

నొప్పి లేని జబ్బు

ముందు జబ్బు సంగతి కొంచెం చెప్పాలి. కంటి లోపల ఎప్పుడూ ఒక నీరు ఊరుతూ ఉంటుంది. ఏడిస్తే వచ్చే నీరు కాదిది, లోపలిది. ఊరినంత నీరు సన్నని దారిగుండా బయటికి పోతూ ఉండాలి. ఆ దారి పూడుకుంటే లోపల ఒత్తిడి పెరిగి, కంటి వెనక ఉన్న నరం నలిగి చచ్చిపోతుంది. దీన్నే గ్లకోమా అంటారు. మా నెల్లూరు వైపు పెద్దవాళ్ళు నీటికాసులు అనేవారు. చచ్చిన నరం మళ్ళీ బతకదు. మిగిలిన చూపును నిలబెట్టడం ఒక్కటే మందులు చేయగలిగిన పని.

చాలామందిలో ఈ దారి ఏళ్ళ తరబడి మెల్లగా పూడుకుంటుంది. నొప్పి ఉండదు, ఎర్రబడదు, తలనొప్పి రాదు. చూపు అంచుల నుంచి తరిగిపోతూ ఉన్నా మనిషికి తెలియదు.

చేరిన కొత్తలో పార్సిప్పనీ నుంచి ఒకాయన వచ్చారు. నలభై ఆరేళ్ళుంటాయి, ఐటీ ఉద్యోగం. రోజూ సాయంత్రమయ్యేసరికి తలనొప్పి వస్తోందని, కళ్ళజోడు మార్చాలేమో చూడమని అడిగారు. ప్రెషర్ కొలిస్తే, ఇరవై లోపు ఉండాల్సింది రెండు కళ్ళలోనూ ముప్ఫై దాటింది. ఎడమకంటి నరం అప్పటికే సగానికి పైగా పోయింది. తలనొప్పికీ దీనికీ సంబంధం లేదని, రోజంతా వంగి కూర్చోవడం వల్ల మెడ పట్టేసి వచ్చిన తలనొప్పి అని డాక్టర్ తేల్చారు. ఆ తలనొప్పి రాకపోతే మాత్రం ఆయన మా గుమ్మం తొక్కేవారు కాదు. చుక్కల మందు ఎలా వేసుకోవాలో నేను చూపిస్తుంటే, "ఇది వేసుకుంటే తలనొప్పి తగ్గుతుందా అండీ?" అని అడిగారు.

"తగ్గదండీ. చూపు పోకుండా ఆపుతుంది."

"చూపు బానే ఉంది కదా నాకు?"

రెండు నెలలు వేసుకుని మానేశారు. తలనొప్పి తగ్గలేదు కాబట్టి మందు పనిచేయలేదనుకున్నారు. ఏడాదిన్నర తర్వాత, హైవే మీద ఎడమవైపు వచ్చే కార్లు కనిపించడం లేదని తిరిగి వచ్చారు. అప్పటికి ఆ కంట్లో మధ్యలో చిన్న కిటికీ అంత చూపు మిగిలింది.

ఇలాంటివాళ్ళను చూసి చూసి, కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ నేను చెప్పే మొదటి మాట ఒకటే అయింది: గ్లకోమా నొప్పి పెట్టదు. తలనొప్పి రాగానే ఇంటర్నెట్‌లో చూసి హడలిపోయి వచ్చేవాళ్ళు వారానికి నలుగురైనా ఉండేవారు. కొలిస్తే పదిహేనో పదహారో ఉండేది, అంటే ఏమీ లేనట్టు. "మీ తలనొప్పి కంటిది కాదండీ" అని పంపించేదాన్ని. అలా ఏళ్ళు గడిచేసరికి, తలనొప్పి అన్న మాట చెవిన పడగానే కన్ను కాదు అన్న జవాబు నాలో తయారుగా ఉండేది.

రెండో రకం గ్లకోమా ఉందని నాకు తెలియక కాదు. కొందరికి పుట్టుకతోనే ఆ దారి ఇరుకు. అది ఉన్నట్టుండి ఒక్క పూటలో మూసుకుపోతుంది. అప్పుడు తల పగిలిపోయే నొప్పి వస్తుంది, వాంతులవుతాయి, కన్ను ఎర్రబడుతుంది, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. గంటల్లో ఒత్తిడి దించకపోతే కన్ను దక్కదు. సర్టిఫికేషన్ పరీక్షలో దీని మీద ప్రశ్న వచ్చింది. సరిగ్గానే రాశాను.

శుక్రవారం ఫోన్

ఇది జరిగేనాటికి నేను ఆ క్లినిక్‌లో చేరి పదిహేనేళ్ళు దాటింది. ఏప్రిల్ నెల, శుక్రవారం మధ్యాహ్నం. చెట్ల పుప్పొడి గాలికి ఊరంతా తుమ్ముతున్న రోజులు. మా డాక్టరు గారి పేరు మార్కస్. అరవై దాటిన ఆవిడ, తక్కువ మాట్లాడే మనిషి. ఆవిడ ఆపరేషన్లు చేసే రోజు కావడంతో క్లినిక్‌కి ఆలస్యంగా వచ్చారు. వెయిటింగ్ రూమ్ అంతా రోగులు. నేను ఒకాయన కంట్లో చుక్కలు వేసి, రెండో ఆయన్ని కూర్చోబెడుతున్నాను. రిసెప్షన్‌లో ఉండే బ్రెండా తలుపు సందులోంచి తల పెట్టి, "రెండో లైన్‌లో మీవాళ్ళెవరో. నాకొక్క ముక్క అర్థం కావడం లేదు" అంది.

తెలుగువాళ్ళ ఫోన్లన్నీ నాకే వచ్చేవి. అది నా హోదాలో భాగం అనుకుని గర్వపడేదాన్ని కూడా.

"అక్కా, నేను సుగుణను. ఓక్ ట్రీ రోడ్డు మీద చీరల షాపుల బ్లౌజులు కుడ్త. గుర్తున్ననా?"

"ఆఁ, గుర్తున్నారు. చెప్పండి."

గుర్తు లేదు. మర్యాదకి అన్నాను.

"పొద్దుగాల సంది తల పలిగిపోతాంది అక్కా. రెండుసార్లు వాంతయింది."

"జ్వరం ఉందా?"

"లేదు."

"సైనస్ గానీ, అలర్జీ గానీ ఉందా మీకు?"

"అలర్జీ ఎప్పుడుండేదే గద. నిన్న గోలీ ఏసుకున్న. గది కాదక్కా ఇది. కుడి దిక్కు గుంజుతాంది. కన్ను గూడ..."

"తలనొప్పి ఎక్కువైతే కన్ను కూడా లాగుతుంది సుగుణ గారూ. ఈ సీజన్‌లో అందరికీ ఇదే గొడవ. తలనొప్పేగా, కంగారు పడకండి. మీ ఫ్యామిలీ డాక్టర్‌కి ఫోన్ చేసి చూపించుకోండి."



"అయితే కంటిది కాదంటవా?"

"కాదమ్మా."

"సరే అక్కా. నువ్వు చెప్పినవ్ గద."

పెట్టేసింది. ఫోన్ వచ్చిన ప్రతిసారీ కంప్యూటర్‌లో రాయాలి. తలనొప్పి, వాంతులు, ఫ్యామిలీ డాక్టర్‌ను కలవమని చెప్పాను అని ఇంగ్లీషులో ఒక్క లైను టైప్ చేసి చుక్కల గదిలోకి పరిగెత్తాను. కుడివైపు అన్న మాట రాయలేదు. కన్ను గూడ అన్న మాట అసలే రాయలేదు. ఆమె పేరు కింద పాత రికార్డు ఉందేమో చూడటానికి ఇంకొక్క క్లిక్ చాలు. చూడలేదు.

సోమవారం

సోమవారం ఉదయం తలుపులు తీసేసరికి పార్కింగ్‌లో ఒక కారు ఆగి ఉంది. ఇరవై ఏళ్ళ పిల్ల తల్లిని పట్టుకుని నడిపించుకొస్తోంది. తల్లికి యాభై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి, నుదుటికి గట్టిగా గుడ్డ కట్టుకుంది. కుడికన్ను చింతనిప్పులా ఉంది. ఆ కూతురి పేరు శ్రావ్య. నాలుగేళ్ళ పిల్లగా వచ్చి ఇక్కడే పెరిగింది.

"ఆంటీ, అమ్మకి రైట్ ఐ కనిపించట్లేదు. టోటల్ ఫాగ్ లాగా ఉంది."

తల్లి పేరు సుగుణ అనగానే శుక్రవారం ఫోన్ గుర్తొచ్చింది. గదిలో కూర్చోబెట్టాను. కంటి ముందున్న నల్లగుడ్డు అద్దం మీద ఊదితే పట్టే ఆవిరిలా తెల్లబడింది. టార్చి వేస్తే కంటిపాప కదల్లేదు. పెద్దదై, కోలగా అలాగే ఉండిపోయింది. ప్రెషర్ కొలిచాను. అరవై నాలుగు. నమ్మలేక మళ్ళీ కొలిచాను. అరవై నాలుగే. ఎడమకన్ను పదిహేడు.

అక్షరాల బోర్డు చూపించే పని లేదు. ముఖం ముందు చేయి ఆడిస్తే, "ఏదో కదులుతాంది" అంది.

డాక్టర్ మార్కస్ పరుగున వచ్చారు. చుక్కల మీద చుక్కలు, మాత్రలు. రెండు గంటల తర్వాత నలభైకి దిగింది. అక్కడి నుంచి ఆస్పత్రికి పంపి చేతి రక్తనాళంలోకి మందు ఎక్కించారు. మర్నాడు లేజర్‌తో దారి తెరిచారు. ఒత్తిడి దిగింది, నొప్పి పోయింది. చూపు మాత్రం రాలేదు. మూడు రోజులు నలిగిన నరం అది. కుడికంట్లో ఆమెకి చివరికి మిగిలింది ఒక మూల కాస్త వెలుతురు. ఎడమకంటి దారి కూడా ఇరుకే అయినా అక్కడ ముందే లేజర్ చేసి కాపాడారు.

ఆ సోమవారం మందు పనిచేస్తుందేమోనని ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు, శని, ఆదివారాల్లో ఏం జరిగిందని శ్రావ్యని అడిగాను.

"సాటర్‌డే అర్జెంట్ కేర్ క్లినిక్‌కి తీసుకెళ్ళాను ఆంటీ. వాళ్ళు అడిగారు, ఐ ప్రాబ్లమ్ ఏమైనా ఉందా అని. ఐ డాక్టర్ ఆఫీస్‌కి కాల్ చేశాం, ఐ కాదు అన్నారు అని నేనే చెప్పాను. సో వాళ్ళు ఐ చెక్ చేయలేదు. మైగ్రేన్ అని ఇంజెక్షన్ ఇచ్చి పంపించారు. సండే అంతా పడుకునే ఉంది. రెండు కళ్ళూ తెరిస్తే కనిపిస్తోంది అంది, సో నేను..." ఆ పిల్ల ఆగిపోయింది. "నేను ఒక కన్ను మూసి చూడమని చెప్పలేదు."

అలా చూడమని చెప్పాల్సింది ఆ పిల్ల కాదు. ఆ మాట అప్పుడు నా నోట రాలేదు.

కొత్తగా చేరేవాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఫోన్‌లో మనం అన్న మాట ఫోన్ పెట్టేయగానే అయిపోతుందనుకుంటాం. అయిపోదు. కంటి డాక్టర్ ఆఫీసు కన్ను కాదన్నది అని ఆ కుటుంబం దాన్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. ఎక్కడికి వెళ్తే అక్కడ ఆమె కంటిని చూడబోయిన ప్రతివాళ్ళనీ నా మాట అడ్డుకుంది.

సాయంత్రం డాక్టర్ మార్కస్ నన్ను తన గదిలోకి పిలిచారు. కంప్యూటర్ తెర నావైపు తిప్పారు. సుగుణ పాత రికార్డు. రెండేళ్ళ కిందట కళ్ళజోడు కోసం వచ్చింది. దగ్గరగా చూసి కుట్టాలంటే కష్టంగా ఉందని చెప్పింది. రెండు కళ్ళలోనూ దారి ఇరుకుగా ఉంది, ముందు జాగ్రత్తగా లేజర్ చేయించుకోవాలి అని డాక్టర్ రాశారు. పెళ్ళిళ్ళ సీజన్, షాపులో పని ఎక్కువ, తర్వాత వస్తానంది. రాలేదు. దాని కింద ఇంకో లైను ఉంది. విపరీతమైన తలనొప్పి, వాంతులు, కన్ను లాగడం ఉంటే వెంటనే ఫోన్ చేయాలని రోగికి తెలుగులో వివరించడమైంది. చివర నా పేరు.

ఆ మాటలు ఆమెతో అన్నది నేనే. ఆమె గుర్తుపెట్టుకుంది. నేను చెప్పినట్టే, నేను చెప్పిన బాధలు రాగానే, నేను చెప్పిన నంబరుకే ఫోన్ చేసింది. నేను మర్చిపోయాను.

"ఫోన్‌లో ఏ భాషలో మాట్లాడింది?" అని డాక్టర్ మార్కస్ అడిగారు.

"తెలుగులో."

"అంటే ఈ ఆఫీసులో ఆమె మాట అర్థమయ్యేది నీ ఒక్కదానికే."

నేను బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

ఒక లైను

మంగళవారం మా ఆఫీసు మేనేజరు గ్లెన్ నా దగ్గరికి వచ్చాడు. మంచివాడే. అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకుని కేకు తెచ్చేవాడు. కుర్చీ లాక్కుని మెల్లగా అడిగాడు.

"నొప్పి ఎక్కువైతే ఎమర్జెన్సీకి వెళ్ళమని చెప్పే ఉంటావు కదా? మామూలుగా నువ్వు అందరికీ చెప్తావు."

నా జవాబు కోసం ఆగకుండా అతనే మళ్ళీ అన్నాడు.

"హడావుడిలో రాయడం మర్చిపోయి ఉంటావు. మర్చిపోయినదాన్ని తర్వాత జోడించడం తప్పేం కాదు."

అతను అబద్ధం రాయమని ఒక్కసారి కూడా అనలేదు. నాకు తలుపు తెరిచి పట్టుకున్నాడు, అంతే. లోపలికి నడిచింది నేను. అతను వెళ్ళగానే రికార్డు తెరిచి, నొప్పి ఎక్కువైతే ఎమర్జెన్సీకి వెళ్ళమని కూడా చెప్పాను అని టైప్ చేశాను. సేవ్ నొక్కాను. నొక్కిన ఐదు నిమిషాలకి, నిజంగానే చెప్పానేమో అని కూడా అనిపించడం మొదలైంది. ఆ అనిపించడం నన్ను ఇవాళ్టికీ భయపెడుతుంది.

బుధవారం సుగుణని లేజర్ తర్వాత చూపించడానికి మళ్ళీ తీసుకొచ్చారు. డాక్టర్ రావడం కొంచెం ఆలస్యమైంది. నేను కట్టు విప్పుతున్నాను. ఆమె చాలా మెల్లగా, కోపం లేకుండా అడిగింది.

"అక్కా, ఆ దినం నేను కన్ను అన్న గద? అన్ననా, అనలేదా? మా బిడ్డ అడుగుతాంది. నాకు సోయి లేక గిట్ల అనుకుంటున్ననేమో."

నేను చేసిన పని ఏమిటో అప్పుడు తెలిసింది. నా ఒక్క లైను నన్ను కాపాడటంతో ఆగలేదు. ఆమె తన జ్ఞాపకాన్నే అనుమానించుకునేలా చేయబోతోంది.

"అన్నారు. కన్ను అని అన్నారు. నేనే పూర్తిగా చెప్పనివ్వలేదు."

ఆమె తల ఊపింది. ఆ రోజు తర్వాత నన్ను అక్కా అనలేదు.

సాయంత్రం డాక్టర్ మార్కస్‌కి చెప్పేశాను, ఆ లైను అబద్ధమని. నిజం చెప్పినందుకు ఆవిడ మెచ్చుకుంటారని మనసులో ఎక్కడో ఆశ ఉన్నట్టుంది. మెచ్చుకోలేదు. "కూర్చుని రాయి. నిన్న రాసింది నిజం కాదని, ఎప్పుడు రాశావో, ఎందుకు రాశావో అన్నీ రాయి" అన్నారు. నేను రాస్తున్నంతసేపూ వెనక నిలబడి ఉన్నారు. ఫోన్ విషయంలో తప్పు మా ఆఫీసుదేనని తల్లీకూతుళ్ళని కూర్చోబెట్టి తానే చెప్పారు. గ్లెన్ ఆ తర్వాత నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. నా ఉద్యోగం పోలేదు. పోతే బాగుండునని కొన్నాళ్ళు అనుకున్నాను. అది కూడా తప్పించుకోవడమే.

కొత్తవాళ్ళతో

ఆ తర్వాత మా ఆఫీసులో ఫోన్ పక్కన ఒక కాగితం అంటించాం. తలనొప్పి అని ఎవరు ఫోన్ చేసినా అడగాల్సినవి అందులో ఉంటాయి. నొప్పి ఒకవైపేనా? కన్ను ఎర్రగా ఉందా? ఒక్కో కన్నూ మూసి చూసుకోండి, రెండూ ఒకేలా కనిపిస్తున్నాయా? లైట్ల చుట్టూ రంగులు కనిపిస్తున్నాయా? వాంతులున్నాయా? ఈ మధ్య జలుబుకో అలర్జీకో మాత్రలు వేసుకున్నారా? దారి ఇరుకైనవాళ్ళలో అలాంటి కొన్ని మాత్రలే దాన్ని మూసేయవచ్చు. సుగుణ ఆ మాత్ర సంగతి అడక్కుండానే చెప్పింది. అలర్జీ అన్న మాట దొరికింది కదా అని నేను దాన్నే పట్టుకున్నాను.

కానీ కాగితం మాత్రమే చాలదు. అడిగి, జవాబు పూర్తయ్యేదాకా నోరు మూసుకోవాలి. నేను ఆమె మాటని మధ్యలో కోసేశాను. ఆమె చెప్పిన నాలుగైదు మాటల్ని ఒక్క ఇంగ్లీషు లైనులో కుదించి టైప్ చేశాను. గుంజుతాంది అంటే మా నెల్లూరు వైపు ఊరికే లాగడం, ఆమె చెప్పింది పీకేసే నొప్పి. అర్థమైంది అనుకున్నాను. భాష రానివాళ్ళు కనీసం మళ్ళీ అడుగుతారు.

ఇంకొకటి. మీ భాష మాట్లాడే రోగి మిమ్మల్ని డాక్టర్ కంటే ఎక్కువ నమ్ముతుంది. ఆ నమ్మకం మీ చదువును చూసి వచ్చింది కాదు, ఈ ఊళ్ళో మీ గొంతు సొంతమనిషి గొంతులా వినిపించడం వల్ల వచ్చింది. అందుకే మీ నోట కంటిది కాదు అన్న మాట రాకూడదు. ఆ మాట అనే అధికారం మనకి లేదు. అడగడం, విన్నది విన్నట్టు రాయడం, డాక్టర్‌కి చెప్పడం, ఈ మూడే మన పని. తలనొప్పి అని వచ్చే చాలామందికి కంట్లో ఏమీ ఉండదు. అది నిజం. గ్లకోమా ఉన్న చాలామందికి తలనొప్పి రాదు. అదీ నిజమే. ఆ రెండు నిజాల మధ్య ఒక మనిషి పడిపోయింది. పడుతున్నప్పుడు పిలిచింది కూడా.

సుగుణ ఇల్లు

నష్టపరిహారం వ్యవహారం ముగిసేదాకా ఆమెను కలవకూడదని మా ఆఫీసు లాయర్లు అన్నారు. ముగియడానికి ఏడాదిన్నర పట్టింది. ఈలోగా ఆమె వేరే డాక్టర్ దగ్గరికి మారింది. అంతా అయ్యాక ఒక ఆదివారం పగటిపూట శ్రావ్యకి ఫోన్ చేసి, రావచ్చా అని అడిగాను. ఆ పిల్ల తల్లిని కనుక్కుని, "ఓకే అంది" అని పెట్టేసింది.

ఎడిసన్‌లోనే రెండో అంతస్తులో చిన్న అపార్ట్‌మెంట్. కిటికీ దగ్గర కుట్టు మిషను ఉంది. సుగుణ షాపులో బ్లౌజులు కుట్టడం మానేసి, చీరల అంచులు, పిల్లల లంగాల మడతలు లాంటివి ఇంట్లో కుడుతోంది. ఒక్క కంటితో సూది ఎంత దూరంలో ఉందో తెలియదు. ఎడమచేతి వేళ్ళ మీద గుచ్చుకున్న గుర్తులు కనిపించాయి. కూర్చోమంది. నేను తడబడుతూ చెప్పాల్సినవన్నీ చెప్పాను. ఆ రోజు మీరెవరో గుర్తు రాకుండానే గుర్తున్నారని అన్నానన్నాను. రికార్డులో అబద్ధం రాసి తర్వాత దిద్దానన్నాను. క్షమించమన్నాను.

ఆమె అంతా వింది.

"ఒక్కటి అడుగుత, చెప్పుండ్రి. ఆ దినం నేను తెలుగుల గాకుండ వచ్చీరాని ఇంగ్లీషుల మాట్లాడితే, గా ఫోన్ కాడ ఉండే తెల్లామెనే వింటే, నా కన్ను ఉండునా?"

బ్రెండాకి వైద్యం ఏమీ తెలియదు. అందుకే ఆమె ఎవరికీ సలహా చెప్పేది కాదు. ఎవరు ఏ బాధ చెప్పినా పేరు, నంబరు రాసుకుని చీటీ డాక్టర్ బల్ల మీద పెట్టేది. ఆ శుక్రవారం నాలుగింటికి డాక్టర్ మార్కస్ బల్ల దగ్గర కూర్చున్నారు. చీటీలన్నీ చూశారు. ప్రతి ఒక్కరికీ తిరిగి ఫోన్ చేశారు.

"ఉండేది," అన్నాను.

లోపలి గదిలో శ్రావ్య పేజీలు తిప్పుతున్న చప్పుడు ఆగిపోయింది. సుగుణ ఏడవలేదు. అరవలేదు. కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత లేచి, అల్మరాలోంచి ఒక డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. సూదులు, రంగురంగుల దారపు ఉండలు.

"వచ్చిండ్రు గద. వీటిల్ల దారం ఎక్కించి పొండ్రి. మా బిడ్డకు కాలేజి ఉంటది, దినాం అడగబుద్ధి కాదు."

పన్నెండు సూదులు. ఒక్కొక్కటే వెలుతురుకి ఎత్తి ఎక్కించాను. నా కళ్ళ నిండా నీళ్ళు, బెజ్జం కనపడక దారం పక్కకి పోతుంటే మళ్ళీ మళ్ళీ ఎక్కించాను. ఆమె ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉంది.

అయ్యాక డబ్బా అందుకుని, మూత పెట్టి, నా వెంట తలుపు దాకా వచ్చింది.

"మళ్ల రాకుండ్రి," అంది.

నేను వెళ్ళలేదు.